పార్కులో బడి పిల్లల కోసం తోట మళ్ళు: వాలంటీర్లు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

పార్కులో ఓ మూల బడి పిల్లల కోసం మళ్ళు వేద్దామని పదిమంది వాలంటీర్లు కలిస్తే సాధారణంగా ఉత్సాహానికి కొదవ ఉండదు. తవ్వుతారు, ఎరువు కలుపుతారు, చదును చేస్తారు. అక్కడితో ఆగకుండా నారు కూడా నాటేస్తారు. తీరా పిల్లలు వచ్చేసరికి చూడ్డానికి తోట ఉంటుంది గానీ చేయడానికి పని ఉండదు. ఫోటో దిగి, బిస్కెట్లు తిని వెళ్ళిపోతారు.

అందుకే మొదటి మీటింగులోనే ఒక గీత గీసుకోవాలి. బరువు పని, ప్రమాదం ఉన్న పని, విసుగు పుట్టించే పని మనది. విత్తనం వేయడం, నీళ్ళు పోయడం, మట్టి పిసకడం, వానపాము కనబడితే కేకలు పెట్టడం వాళ్ళది. ఈ మార్గదర్శి అంతా ఆ గీతకు ఇవతలి పని గురించే.

పార్కులో బడి పిల్లలకు మళ్ళు పంచడం కొత్త సంగతేమీ కాదు. 1902లో న్యూయార్క్ లోని డివిట్ క్లింటన్ పార్కులో ఫానీ గ్రిస్కమ్ పార్సన్స్ అనే ఆవిడ ఇలాంటి తోటే మొదలుపెట్టారు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో చిన్న మడి. అప్పటికీ ఇప్పటికీ పనిలో పెద్ద తేడా లేదు. నేల, నీళ్ళు, పిల్లల చేయి అందే దూరం, ఈ మూడు కుదరాలి.

తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

పిల్లలు వచ్చే రోజు ముందు ఖాయం చేసుకోండి. అక్కడి నుంచి కనీసం 11 వారాలు వెనక్కి వెళ్తే మన పని మొదలయ్యే రోజు వస్తుంది. గడ్డి చావడానికి, మట్టి కుదురుకోవడానికి, ఎరువును పరీక్షించడానికి పట్టే సమయాన్ని మనుషుల్ని పెంచి తగ్గించలేం. ఇరవైమంది వచ్చినా అట్టల కింద గడ్డి తన తీరికలోనే చస్తుంది.

బడి క్యాలెండర్ కూడా తెచ్చుకోండి. పరీక్షలు ఎప్పుడు, సెలవులు ఎప్పుడు అన్నది చూడకుండా పంట ఎంచుకుంటే, సరిగ్గా కాయలు కాసే వేళకి బడి మూసి ఉంటుంది. సెలవులకు నెల ముందు దొరికే సమయంలో ఆకుకూరలు, త్వరగా చేతికొచ్చే ముల్లంగి మాత్రమే కుదురుతాయి. గుమ్మడి, పొద్దుతిరుగుడు లాంటివి వేయాలంటే మూడు, నాలుగు నెలలు బడి నడుస్తూ ఉండాలి.

పార పట్టకముందు అడగాల్సినవి

పార్కు చూసుకునే వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అందులో మూడు విషయాలు ఉండాలి: ఎంత చోటు, ఎన్నాళ్ళు, నీళ్ళ కుళాయి ఎవరి చేతిలో ఉంటుంది. నోటిమాట నమ్ముకుంటే అధికారి మారిన రోజున మళ్ళీ మొదటికొస్తుంది.

తవ్వే చోట భూమిలో కరెంటు కేబుళ్ళు, నీటి పైపులు, డ్రైనేజీ ఉన్నాయేమో తప్పకుండా అడగండి. పార్కుల్లో దీపాల స్తంభాలకు, ఫౌంటెన్లకు వెళ్ళే తీగలు చాలా పైపైనే ఉండొచ్చు. గునపం దిగాక తెలుసుకునే సంగతి కాదిది.

కుళాయిలో వచ్చేది మంచినీరా, శుద్ధి చేసిన మురుగునీరా? ఇది కూడా అడగాలి. పార్కుల్లో గడ్డికి శుద్ధి చేసిన నీటిని వాడటం మామూలే. పిల్లలు అదే నీటిలో చేతులు కడుక్కుంటారు, పచ్చి ఆకు నోట్లో వేసుకుంటారు. కాబట్టి కూరగాయల మళ్ళకు మంచినీటి లైను వేరుగా ఉండాల్సిందే.

చోటు

కాయగూరలకు రోజుకు కనీసం 6 గంటల నేరుటెండ కావాలి. ఆకుకూరలు 4 గంటలతోనూ సర్దుకుంటాయి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు వెళ్ళి నీడ ఎక్కడ పడుతోందో సున్నంతో గీసి చూడండి. కాగితం మీద ప్లాన్ కన్నా ఈ గీతలే నిజం చెప్తాయి.

పెద్ద చెట్ల కొమ్మలు పరుచుకున్నంత మేర తవ్వొద్దు, మట్టి పోయొద్దు. చెట్టు వేళ్ళు ఎక్కువగా పైన ఉండే ఒకటిన్నర, రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. తవ్వితే తెగుతాయి, పైన మట్టి గుట్ట పోస్తే గాలాడక దెబ్బతింటాయి. పిల్లలకు పనిచేసేటప్పుడు కూర్చోవడానికి నీడ కావాలంటారా? చెట్టు దగ్గర బెంచీ వేసి, మడిని ఎండలోకి జరపండి.

మరో సంగతి తరచూ మరిచిపోతారు. ఒక టీచరు ఒకచోట నిలబడితే అన్ని మళ్ళూ కంటికి ఆనాలి. పొద వెనక ఓ మడి, గోడ మలుపులో ఓ మడి వేస్తే అందంగా ఉంటుందేమో గానీ, ముప్పైమంది పిల్లల్ని కాచుకునే మనిషికి అది టెన్షనే.

చుట్టుపక్కల గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం మొక్కలుంటే పార్కు వాళ్ళతో మాట్లాడి తీయించండి, లేదా మళ్ళను దూరంగా పెట్టండి. మూడూ విషమే. కోసుకుని తినండని మనం పిలిచి తెచ్చిన పిల్లలకి ఏది తినొచ్చో ఏది తినకూడదో తేడా తెలియదు.

మట్టి ఏమంటోంది

ముందు నీరు ఇంకుతుందో లేదో చూడాలి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకాక మళ్ళీ నింపి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి కొలవండి. 1 నుంచి 3 అంగుళాలు దిగితే నేల బాగున్నట్టే. అంగుళం కూడా దిగకపోతే నీరు నిలిచే నేల, అక్కడ ఎత్తు మళ్ళు కట్టాల్సిందే.

ఆ తర్వాత సీసా పరీక్ష. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా గిలకొట్టి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగున చేరుతుంది. దానిపైన మెత్తటి ఒండ్రు పేరుకోవడానికి రెండు గంటలు పడుతుంది. బంకమట్టి తేరుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పొరల మందం చూస్తే మట్టిలో ఏది ఎక్కువో తెలిసిపోతుంది. ఈ సీసాని పారేయకండి. పిల్లలు వచ్చిన రోజు వాళ్ళ ముందు మళ్ళీ గిలకొట్టి చూపిస్తే, అదే వాళ్ళ మొదటి పాఠం అవుతుంది.

మూడోది ల్యాబు పరీక్ష. పార్కు స్థలం ఒకప్పుడు ఏమిటో ఆరా తీయండి. పాత కట్టడం కూల్చిన చోటు, వర్క్‌షాపు, రద్దీ రోడ్డు పక్క స్థలం అయితే మట్టిలో సీసం (లెడ్) ఉండే అవకాశం ఉంది. పాత పెయింట్లలో, ఒకప్పటి పెట్రోలులో వాడిన సీసం దశాబ్దాలైనా మట్టిని వదిలి పోదు. పెద్దవాళ్ళ కన్నా పిల్లలకి దాని హాని ఎక్కువ, ఎందుకంటే మట్టి చేతులు నోట్లో పెట్టుకునేది వాళ్ళే. ఇక్కడ ఒక జాగ్రత్త: మామూలు భూసార పరీక్షలో ఉదజని సూచిక (pH, అంటే మట్టి పులుపు ఎంతో చెప్పే అంకె), నత్రజని, భాస్వరం, పొటాష్ చూస్తారు తప్ప సీసం చూడరు. అది కావాలని విడిగా అడగాలి. 8, 10 చోట్ల ఆరంగుళాల లోతు నుంచి మట్టి తీసి, ప్లాస్టిక్ బకెట్లో కలిపి, అందులోంచి అరకిలో పంపితే చాలు. ఇనుప బకెట్ వాడొద్దు, లోహాల లెక్క తప్పుతుంది.

సీసం ఎక్కువని తేలితే ఆ నేల జోలికి పోకండి. వేరే చోటు లేకపోతే, నేల మీద గట్టి తోట వస్త్రం (ల్యాండ్‌స్కేప్ ఫ్యాబ్రిక్) పరిచి, దాని మీద శుభ్రమైన కొత్త మట్టితో ఎత్తు మళ్ళు కట్టి, బాటల మీద కూడా చెక్క పొట్టు కప్పేయాలి. ఉదజని సూచిక 6 నుంచి 7 మధ్య ఉంటే చాలా కూరగాయలకు సరిపోతుంది, దాని గురించి పెద్దగా బెంగపడక్కర్లేదు.

మడి కొలత పిల్లల చేతిలో ఉంది

తోటపని పుస్తకాల్లో మడి వెడల్పు 4 అడుగులని ఉంటుంది. అది పెద్దవాళ్ళ కొలత. రెండు వైపుల నుంచి వంగితే మధ్య దాకా చేయి అందాలన్నది అందులోని లెక్క. ఏడెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చేయి చాపమనండి. పని చేయగలిగేది మహా అయితే ఒకటిన్నర అడుగు. అంటే మడి వెడల్పు 3 అడుగులు దాటకూడదు. గోడ పక్కన వేస్తే, ఒక వైపు నుంచే అందుకోవాలి కాబట్టి ఒకటిన్నర అడుగే.

ఒక్క అడుగు తేడాకు ఇంత పట్టింపా అనిపించొచ్చు. కానీ చేయి అందకపోతే పిల్లవాడు ఏం చేస్తాడు? మడిలోకి ఎక్కుతాడు. మనం వారాల తరబడి గుల్ల చేసిన మట్టి పది నిమిషాల్లో గట్టిపడుతుంది, మొలకలు నలుగుతాయి, టీచరు అరుస్తారు. "మడి తొక్కొద్దు" అని బోర్డు పెట్టడం కన్నా తొక్కాల్సిన అవసరమే లేకుండా మడి వేయడం తేలిక.

పొడవు 8 అడుగులు చాలు. అంతకు మించితే పిల్లలు చుట్టూ తిరిగి వెళ్ళకుండా మీద నుంచి దూకుతారు. 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు అంటే చుట్టుకొలత 22 అడుగులు. ఒక్కొక్కరికి 2 అడుగుల చోటు వేసుకుంటే ఒక మడి చుట్టూ 10 మంది ఇరుకు లేకుండా కూర్చుంటారు. 30 మంది క్లాసుకి 3 మళ్ళు. ఇంకో మడి కూడా వేద్దామని ఎవరో ఒకరు అంటారు. వద్దనండి. నాలుగు మళ్ళలో కలుపు పెరగడం కన్నా మూడు మళ్ళు కళకళలాడటం మేలు.

మళ్ళ మధ్య బాట కనీసం 2 అడుగులు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలు ఉంటే, వాళ్ళ మడికి వెళ్ళే దారి 3 నుంచి 4 అడుగుల వెడల్పుతో గట్టిగా, సమంగా ఉండాలి. ఆ మడి ఎత్తు కూడా 2 అడుగుల దాకా పెంచితే కూర్చున్న చోటి నుంచే మట్టి అందుతుంది. క్లాసులో అలాంటి పిల్లలున్నారా అని ముందే బడిని అడగండి. తర్వాత మార్చడం అంటే మళ్ళీ కట్టడమే.

కొలతలు కుదిరాక కొయ్య గుంజలు పాతి, తాడు కట్టి, సున్నం వేయండి. తర్వాత ఆ బాటల్లో ఖాళీగా ఒంటి చక్రం బండి తోసి చూడండి. మలుపు దగ్గర ఇరుక్కుంటే ఇప్పుడే సరిచేసుకోవచ్చు.

గడ్డి, గరిక, తుంగ

మామూలు గడ్డి ఉంటే తవ్వి పారేయాల్సిన పని లేదు. నేలకు దగ్గరగా కోసి, బాగా తడిపి, దాని మీద అట్టపెట్టెల అట్టలు పరవండి. టేపులు, పిన్నులు తీసేయాలి, నిగనిగలాడే రంగు అట్టలు వాడొద్దు. ఒక అట్ట అంచు మీదికి ఇంకో అట్ట కనీసం ఆరంగుళాలు ఎక్కాలి, లేదంటే ఆ సందులోంచే గడ్డి తల ఎత్తుతుంది. అట్టల్ని కూడా తడిపి, పైన ఎండుటాకులో ఎరువో కప్పండి. 6 నుంచి 8 వారాల్లో కింద గడ్డి కుళ్ళి మట్టిలో కలుస్తుంది, వానపాములు పైకొస్తాయి.

గరిక, తుంగ ఉంటే మాత్రం కథ వేరు. తుంగ మొలక సూదిలా అట్టను పొడుచుకుని బయటికొస్తుంది. గరిక పక్కల నుంచి పాకి వస్తుంది. వీటిని ఫోర్కుతో మట్టి వదులు చేసి, వేళ్ళూ గడ్డలూ తెగకుండా చేత్తో ఏరాలి. యంత్రంతో దున్నితే ప్రతి ముక్కా ఒక కొత్త మొక్క అవుతుంది, పని తేలికవుతుందని ఎవరైనా టిల్లర్ తెస్తానన్నా ఒప్పుకోకండి. ఏరినవి కంపోస్టు గుంటలో వేయొద్దు. ఎండలో కరకరలాడేలా ఎండబెట్టి బయట పడేయండి. ఇది విసుగు పుట్టించే పని. అందుకే ఇది మనది.

కలుపు మందు కొట్టేస్తే వారంలో తేలిపోతుందని ఒకరిద్దరు అంటారు. పిల్లలు చేతులు పెట్టే మట్టిలో ఆ దారి నాకు సమ్మతం కాదు, చాలా బడులు కూడా ఒప్పుకోవు.

నేల మడా, ఎత్తు మడా

నీరు బాగా ఇంకే మంచి మట్టి అయితే నేల మీదే మడి చాలు. బాటల మీది మంచి పైమట్టిని తీసి మడిలోకి వేస్తే అదే ఆరంగుళాలు లేస్తుంది. ఖర్చు లేదు.

నీరు నిలిచే నేలైనా, మట్టి మీద అనుమానం ఉన్నా, ఇటుకలతోనో చెక్కలతోనో అడుగు ఎత్తు మడి కట్టండి. ఊరికే వస్తున్నాయి కదా అని పాత రైల్వే స్లీపర్లు వాడొద్దు, వాటికి పట్టించిన క్రియోసోట్ విషపదార్థం. పుచ్చకుండా మందు పట్టించిన, ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత చెక్కల్లో ఆర్సెనిక్ ఉండొచ్చు. పాత టైర్లూ వద్దు. మందు పట్టించని చెక్క కొన్నేళ్ళకి పుచ్చితే మార్చుకోవచ్చు. మేకులకు బదులు స్క్రూలు వాడి, అంచులు ఉప్పు కాగితంతో రుద్దండి. మడి అంచు మీద పిల్లలు కూర్చుంటారు, తప్పదు.

మట్టి లెక్క

8 × 3 × 1 అడుగులు అంటే 24 ఘనపుటడుగులు. మట్టి దిగుతుంది కాబట్టి 10 నుంచి 20 శాతం ఎక్కువ తెప్పించాలి, అంటే ఒక్కో మడికి 27, 28 ఘనపుటడుగులు. ఒంటి చక్రం బండిలో 3 ఘనపుటడుగులు పడుతుందనుకుంటే మడికి 9 ట్రిప్పులు. బరువు ముప్పావు టన్నుకు తక్కువ ఉండదు. కాబట్టి లోడు ఎక్కడ దింపిస్తారో ముందే ఆలోచించండి. గేటు దగ్గర దింపించి 200 అడుగులు మోయడం మొదలుపెడితే మధ్యాహ్నానికి సగంమంది వాలంటీర్లు కనబడరు.

మట్టిలో మూడోవంతు మాగిన ఎరువు కలిస్తే బాగుంటుంది. నేల మడి అయితే పైన 2, 3 అంగుళాల మందాన ఎరువు పరిచి, ఆరేడు అంగుళాల లోతు దాకా ఫోర్కుతో కలపండి. ఈ పని నేల పదును మీద ఉన్నప్పుడే చేయాలి. గుప్పెడు మట్టి పిడికిట్లో నొక్కి, బొటనవేలితో తాకండి. విరిగి పొడిపొడిగా రాలితే పదునైంది. ముద్దగా అలాగే ఉంటే ఇంకా తడి, ఆ రోజుకి పార పక్కన పెట్టండి. తడి బంకమట్టిని తవ్వితే ఎండాక ఇటుక ముక్కలవుతుంది, మళ్ళీ దారికి తేవడానికి సీజన్ పడుతుంది.

రంపపు పొట్టు, చెక్క ముక్కలు మట్టిలో కలపొద్దు. అవి కుళ్ళేటప్పుడు నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్కలు పాలిపోతాయి. బాటల మీద మాత్రం 3, 4 అంగుళాల మందాన పోయండి, కలుపూ రాదు, బురదా ఉండదు.

ఎరువుకు చిక్కుడు పరీక్ష

పచ్చి పేడ పిల్లల మడిలోకి రాకూడదు. అందులో రోగకారక సూక్ష్మజీవులు ఉండొచ్చు. బాగా మాగిన ఎరువు నల్లగా, పొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఉంటుంది. ఘాటు వాసన కొట్టినా, కుప్పలో చేయి పెడితే వేడి తగిలినా ఇంకా మాగలేదన్నమాట.

చూడ్డానికి అంతా బాగున్నా ఇంకో చిక్కు ఉంటుంది. కొన్ని రకాల కలుపు మందులు కొట్టిన గడ్డిని పశువులు తింటే, ఆ మందు పేడలోనూ, దాన్నుంచి చేసిన కంపోస్టులోనూ నెలల తరబడి మిగిలిపోతుంది. అలాంటి ఎరువు వేస్తే చిక్కుడు, టమాటా ఆకులు మెలిపడి ముడుచుకుపోతాయి. లోడు తెప్పించే ముందే ఒక సంచెడు అడిగి తెచ్చి పరీక్షించండి. మూడు కుండీల్లో మామూలు మట్టి, మూడింట్లో ఆ ఎరువు కలిపిన అదే మట్టి. ఒక్కోదాంట్లో మూడు చిక్కుడు గింజలు. రెండు మూడు వారాల్లో ఆకులు రెండు వైపులా ఒకేలా వస్తే సరే. ఎరువు కుండీల్లో మాత్రమే దొప్పల్లా ముడుచుకుంటే ఆ లోడు వద్దని చెప్పేయండి.

కలుపును ముందే మోసం చేయడం

పిల్లలు వచ్చే రోజుకి మూడు వారాల ముందు మడి పూర్తిగా సిద్ధం కావాలి. అప్పుడు విత్తనాలు వేసినట్టే రోజూ నీళ్ళు పోయండి. వారం, పది రోజుల్లో పచ్చగా మొలకలొస్తాయి, అన్నీ కలుపే. ఎండ రోజున చిన్న చేతిపారతో అంగుళం లోతు దాటకుండా గీకేయండి. లోతుగా తిరగేస్తే కింద నిద్రపోతున్న గింజలు పైకొచ్చి మళ్ళీ మొలుస్తాయి. వీలైతే ఇంకోసారి ఇలాగే చేయండి.

దీని లాభం పిల్లలకి తెలియదు, టీచర్లకి తెలుస్తుంది. గింజ వేసిన వారానికి మడిలో కనబడే మొలక నిజంగా వాళ్ళు వేసినదే అవుతుంది. "ఇది నాదేనా, పీకేయాలా?" అన్న ప్రశ్న ముప్పైసార్లు రాదు.

మన పని రోజుల్లో జాగ్రత్తలు

చేతి తొడుగులు, ముందు మూసి ఉన్న చెప్పులు, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో ఎవరికి వారు చూసుకోండి. రాళ్ళ కుప్ప, పాత ఆకుల కుప్ప కదిపేటప్పుడు ముందు కర్రతో కదపండి, తేళ్ళు, పాములు ఉండొచ్చు. ఇనుప పళ్ళున్న రేక్ కింద పెడితే పళ్ళు నేల వైపే ఉండాలి. ఏరిన గాజు పెంకులు, బ్లేడ్లు, మేకులు మూత ఉన్న డబ్బాలో వేసి పార్కు బయటికి పంపండి. గాజు ఎక్కువగా దొరికిన చోట పై మట్టిని జల్లెడ పట్టాల్సిందే.

ముందు రోజు

మడిని తడిపి ఉంచండి. పొడి మట్టిలో పిల్లలు గింజ వేసి నీళ్ళు పోస్తే గింజ కొట్టుకుపోతుంది. మడి మీద అడుగు అడుగుకి దారం లాగి గళ్ళు చేయండి, 24 గళ్ళు వస్తాయి. ఎవరి గడి ఏదో తెలిస్తే తోపులాట ఉండదు. ఇద్దరు పిల్లలు ఒక గడి పంచుకున్నా బాగుంటుంది, ఒకరు బడికి రాని రోజు రెండోవాళ్ళు నీళ్ళు పోస్తారు.

గింజలు పెద్దవి ఎంచండి. చిక్కుడు, బెండ, గుమ్మడి, పొద్దుతిరుగుడు చిన్న వేళ్ళకి దొరుకుతాయి. ముల్లంగి గింజ చిన్నదైనా వేయాలి, ఎందుకంటే అది 3 నుంచి 5 రోజుల్లో మొలుస్తుంది. చిన్న గుండ్రటి రకాలు 25, 30 రోజుల్లో చేతికొస్తాయి. గులాబీ, నీలం రంగు పూసిన గింజలు మందు పట్టించినవి, అవి పిల్లల చేతికివ్వొద్దు.

నీళ్ళ క్యాన్లు లీటరు, రెండు లీటర్లవి తెండి. 5 లీటర్ల క్యాన్ అంటే 5 కిలోలు, చిన్నపిల్లలు ఎత్తలేక మడి మీద కుమ్మరిస్తారు. నీళ్ళు నింపిన తొట్లకు, డ్రమ్ములకు గట్టి మూత ఉండాలి. పనిముట్లు చిన్నవైనా నిజమైనవి ఇవ్వండి, ప్లాస్టిక్ బొమ్మ పారలు మొదటి గంటలోనే విరుగుతాయి.

ఆ రోజు, ఆ తర్వాత

ఒక్కో మడికి ఒక వాలంటీరు చాలు. గింజ మందానికి రెండు మూడింతల లోతులో వేయాలని ఒకసారి చూపించి, చేతులు వెనక్కి కట్టుకోండి. వరస వంకరగా వచ్చినా సరిచేయకండి. ఒకే గుంటలో పది గింజలు వేస్తే వేయనివ్వండి, రెండు వారాలకు వాళ్ళే పలచన చేస్తారు. వెళ్ళే ముందు సబ్బుతో చేతులు కడిగించండి.

8 × 3 అడుగుల మడికి వారానికి అంగుళం నీరు అంటే సుమారు 57 లీటర్లు. దాన్ని మూడు విడతలుగా పోస్తే విడతకి 19 లీటర్లు, అంటే రెండు లీటర్ల క్యాన్లు దాదాపు పది. ఎండలు ముదిరితే ఇది చాలదు. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి, పొడిగా తగిలితే నీళ్ళు పోయడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. మొలకలు వచ్చేదాకా మాత్రం పైమట్టి ఎండకూడదు, ఆ పది రోజులూ రోజూ ఎవరో ఒకరు వెళ్ళాలి.

బడి లేని రోజులకి వాలంటీర్ల పేర్లతో ఒక వంతుల పట్టిక రాసి, కుళాయి తాళం ఎవరి దగ్గరుందో కూడా దాని మీదే రాసి, పనిముట్ల పెట్టె మూతకి లోపలి వైపు అంటించండి. ఒక కాపీ టీచరుకివ్వండి.